గరువు గుంటకే రాసేరు

చెరుకు నమిలినప్పుడు పంటి సందులో పీచు ఇరుక్కుంటుంది. నాలుకతో ఎంత తోసినా రాదు. ఉందన్న సంగతి మరిచిపోనివ్వదు. నాకు పళ్ళు చాలావరకు ఊడిపోయాయి గానీ, ఏడేళ్ళుగా ఒక పీచు మాత్రం ఊడలేదు. అది ఒక మాట. మా వైపు ఏ వీధిలో నిలబడినా వినబడే మాట. దాన్ని నేను ఒకరోజు ఒక ప్లీడరు గదిలో కూర్చుని అటు ఒకలాగ, ఇటు ఒకలాగ వాడాను. నేను చేసింది అంతే. దొంగసంతకం పెట్టలేదు. ఎవరి వేలూ పట్టుకుని కాగితం మీద నొక్కలేదు. ఆ మాటకొస్తే అబద్ధం కూడా ఆడలేదు.

ఆడలేదా? ప్రతిసారీ ఇక్కడికి వచ్చి ఆగిపోతాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నా పేరు చెప్పను. మా ఊరు చీపురుపల్లి స్టేషనులో దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊళ్ళలో ఒకటనుకోండి. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు, అది ముందే చెప్పేస్తున్నాను. నేను చేసింది తప్పు. ఆ తప్పు చేయడానికి నాకున్న కారణాలన్నీ తప్పుడువి కావు. ఈ రెండు ముక్కలూ ఒక్కసారే వినగలిగితే చదవండి. లేకపోతే ఇక్కడే వదిలేయండి.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా మా ఊరి గ్రంథాలయంలో బల్ల మీద. పేపరులో వార్తలు అయిపోతే టెండరు ప్రకటనలు చదివేవాణ్ణి. అవి కూడా అయిపోతే ఎవరో గుమస్తా పోయాక వాళ్ళవాళ్ళు తెచ్చి పడేసిన పాత చట్టాల పుస్తకాలు చదివేవాణ్ణి. అర్థం కాకపోయినా చదివేవాణ్ణి. ఊళ్ళో ఎవరికి కోర్టు నోటీసు వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. అలా నాకు రెండు తెలుగులు వచ్చాయి. కాగితం తెలుగు ఒకటి, మా ఇంటి తెలుగు ఒకటి.

మా ఇంటి తెలుగును చూసి లోకం నవ్వుతుంది. సినిమాలో బుర్ర తక్కువ పనివాడు కావాలంటే వాడి నోట్లో మా మాట పెడతారు. ఒకసారి పని మీద బెజవాడ వెళ్ళి ఒక ఆఫీసులో 'ఏటండీ' అన్నందుకు నలుగురు గుమస్తాలు తలలెత్తి చూసి, ఒకాయన నాచేత ఇంకోసారి అనిపించుకుని నవ్వాడు. ఆ రోజు నుంచి మా మాట కోసం నేను ఎవరితోనైనా పోట్లాడతాను. పెళ్ళిళ్ళలో పోట్లాడాను. రైలు పెట్టెలో పోట్లాడాను. మా మాటలో మోసం లేదు, ఉన్నది ఉన్నట్టు అంటుంది అని వాదించేవాణ్ణి.

అంత వాదించినవాణ్ణి నేనే. ఆ మాటతోనే మోసం చేసినవాణ్ణీ నేనే.

సన్యాసి నాకు బావ. నా చెల్లి మంగమ్మ మొగుడు. నా చెల్లి అప్పటికే పోయి చాలా కాలమైంది. వాళ్ళకి ఒక కొడుకు రాము, ఒక కూతురు సత్యవతి. రాము ఊళ్ళోనే పల్లం పొలం చేసుకునేవాడు. సత్యవతిని కొత్తవలస ఇచ్చారు, మొగుడికి స్టేషను దగ్గర టిఫిను హోటలు. వీళ్ళు కాక ఆ ఇంట్లో ఇంకొకతి ఉండేది. పోలమ్మ. నా చెల్లితోబాటు నాట్లు వేసే మనిషి ఒకావిడ జ్వరంతో పోతే, ఆవిడ పిల్లని మంగమ్మ చంకనేసుకుని ఇంటికి తెచ్చేసింది. దత్తత లేదు, కాగితం లేదు. తెచ్చింది, పెంచింది. పోలమ్మ పెళ్ళి చేసుకోలేదు. మంగమ్మ పోయాక ఆ ఇంటినీ, బావనీ, గరువునీ తనే చూసుకుంది. గరువు అంటే మా వైపు మెట్టభూమి. ఆ గరువులో పోలమ్మ ఒక ఏడు గోగు వేసేది, ఒక ఏడు నువ్వులు.

ఆ పిల్లని ఆ ఇంట్లో ఎవరూ పోలమ్మ అనలేదు. గుంట అనేవారు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు, మగపిల్లాడిని గుంటడు అంటారు. సత్యవతిని కూడా చిన్నప్పుడు గుంట అనే అన్నారు గానీ, పెద్దమనిషి అయ్యాక సత్తెమ్మ అయింది. పోలమ్మకి తల నెరిసినా గుంటే. బావ నోట్లో ఆ మాటకి ఒక్కటే అర్థం. ఇది నాకు తెలుసు. తెలియదని నేను ఎక్కడా అనలేదు. అనమని ఎవరూ అడగలేదు కూడా.

కరెంటు కోతలతో జనం అల్లాడిపోతున్న ఎండాకాలం అది. వీలునామా రాయించాలి, తోడు రమ్మన్నాడు బావ. ఇద్దరం చీపురుపల్లిలో విజయనగరం పాసింజరు ఎక్కాం. ఆయనకి చెవుడు అప్పటికే ముదిరింది. రైల్లో నా చెవి దగ్గర నోరు పెట్టి, చెవుడు నాకే అన్నట్టు అరిచి చెప్పాడు.

"నాను పోతే గుంటడు దాన్ని ఒక్క పూట ఉండనివ్వడు బావ. గుంటకి ఓ ఆధారం సూపించాల. గరువు దానికిచ్చేస్తాను."

పెట్టెలో సగం మంది విన్నారు. నేనూ విన్నాను. తల ఊపాను. ఒప్పుకుని మాత్రం కాదు.

ఎందుకో చెబుతాను, ఇది న్యాయంగా వినండి. ఆ గరువు బావది కాదు. మా అయ్యది. మంగమ్మ పెళ్ళికి పసుపు కుంకుమల కింద మా అయ్య ఇచ్చాడు. కాగితం రాయలేదు, పది మంది ముందు నోటితో ఇచ్చాడు. అప్పట్లో అంతే. తరవాత సర్వే వాళ్ళు వచ్చినప్పుడు పట్టాలో బావ పేరు ఎక్కింది. దానికి మేము పోట్లాడలేదు, మా పిల్ల కాపురమే కదా అనుకున్నాం. కానీ తల్లికి పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి కూతురికి పోతుంది. మా వాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. సత్యవతికి పెళ్ళప్పుడే అన్నీ ఇచ్చేశానని బావ అనేవాడు. ఇచ్చినది ఆయన సొమ్ము. గరువు ఆమె తల్లిది. దాన్ని తీసుకెళ్ళి ఎవరి పిల్లకో ఇస్తానంటే, అన్నగా నాకు మండదా? ఇప్పటికీ మండుతుంది. ఈ ముక్క మాత్రం నేను వెనక్కి తీసుకోను.

అయితే రైల్లో ఆ మాట బావ మొహం మీద ఎందుకు అనలేదు?

అంటే ఆయన ఏం జవాబు చెప్పేవాడో నాకు తెలుసు. 'మంగే తెచ్చింది కదా ఆ గుంటని' అనేవాడు. అందుకని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ప్లీడరు ఆడమనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి, భర్త ఉద్యోగం వల్ల విజయనగరంలో స్థిరపడింది. కోర్టు దగ్గర జిరాక్సు షాపు మీద మేడగది ఆవిడ ఆఫీసు. వీలునామాలు, వారసత్వం తగాదాలు, అవే చూస్తుంది. మంచి మనిషి, ఆ మాట అనకపోతే ఇంకో తప్పు చేసినవాణ్ణవుతాను. ఆవిడకొక పద్ధతి ఉంది. వీలునామా రాయించే మనిషిని ఒక్కరినే గదిలో కూర్చోబెట్టి, తోడొచ్చినవాళ్ళందరినీ బయటికి పంపేస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ముసలివాళ్ళ నోట్లో మాటలు పెడతారని. నన్నూ పంపేసింది. తలుపు వేసింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

కింద జిరాక్సు షాపు జనరేటరు దడదడలాడుతోంది. ఆ మోతలో కూడా లోపల బావ అరుపులు వినబడుతున్నాయి. కొంచెం సేపటికి ఆవిడ తలుపు తీసింది. మొహం చూస్తే ఓడిపోయినట్టుంది. ఆయన చెప్పేది ఆవిడకి అర్థం కావడం లేదు, ఆవిడ అడిగేది ఆయనకి వినబడటం లేదు.

"ఇందులో మీకేమన్నా వస్తుందా పెద్దాయనా?" అని అడిగింది ముందు.

"ఏమీ రాదమ్మా."

అది నిజం. అగ్గిపెట్టె కూడా రాదు.

"అయితే లోపలికి రండి. ఈయన గుంట, గుంట అంటున్నారు. మా వైపు గుంట అంటే గొయ్యి. పొలం తీసుకెళ్ళి గుంటకి ఇవ్వటమేందండీ?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. బెజవాడ గుమస్తాలా కాదు, తెలియక అడిగిన నవ్వు. బావ మా ఇద్దరినీ చూసి తనూ నవ్వాడు. ఏమిటో తెలియకుండానే.

"సెప్పు బావ ఆయమ్మకి," అన్నాడు. "ఇల్లు, పల్లం గుంటడికి. గరువు గుంటకి. ఇందులో తెలీనిదేటున్నాది?"

నేను చెప్పాను. "మా వైపు మగపిల్లాడిని గుంటడంటారమ్మా. ఆడపిల్లని గుంట అంటారు."

"ఓహో. గుంటడంటే కొడుకు, గుంటంటే కూతురు. అంతేనా?"

ఆవిడ పెన్సిలు కాగితం మీద ఆపి నా వైపు చూసింది. పనికిరాని కాగితాల వెనక ముందు పెన్సిలుతో రాసుకోవడం ఆవిడ అలవాటు, చెరిపేయడానికి వీలుగా ఉంటుందని. బావ కూడా నా వైపే చూస్తున్నాడు. ఆయనకి ఒక్క ముక్క వినబడలేదు. మా బావ చెబుతున్నాడు కదా, ఇంక బాగానే రాస్తారులే అన్నట్టు చూస్తున్నాడు.

అంతేనా అని అడిగింది ఆవిడ. అంతే కాదమ్మా, ఆ ఇంట్లో గుంటంటే ఇంకొకతి ఉంది అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ఊపిరి తీసుకునేంత సేపు. ఆ ఊపిరి తీసుకున్నాను కూడా.

"అంతేనమ్మా," అన్నాను.

"కుమార్తె పేరు?"

"సత్యవతి."

ఆవిడ అడిగింది కుమార్తె పేరు. నేను చెప్పింది కుమార్తె పేరు. చూశారా, ఎక్కడా అబద్ధం లేదు.

కిందికి పంపి టైపు చేయించి తెప్పించింది. నియమం ప్రకారం పైకి చదివి వినిపించింది. 'సదరు షెడ్యూలు దాఖలా మెట్ట భూమి యావత్తూ నా కుమార్తె సత్యవతికి సర్వ హక్కులతో దఖలు పడవలెను.' జనరేటరు ఆగలేదు. బావ చెవి పక్కన చెయ్యి పెట్టుకుని ఆవిడ పెదాలు చూస్తూ కూర్చున్నాడు. సదరు, యావత్తు, దఖలు. మా బావ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అనని మాటలు. ఆయన ఇష్టాన్ని ఆయనకి రాని భాషలో రాసి, ఆయనకి వినబడని గొంతుతో చదివి, ఇది మీ ఇష్టమేనా అని అడుగుతారు. దీన్ని చట్టం అంటారు. నేను మాట మార్చానని ఒప్పుకుంటున్నాను సరే. మార్చడానికి తలుపు తెరిచి పెట్టిందెవరు? ఆయన అన్నట్టే 'గరువు గుంటకి' అని రాసి ఉంటే ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్పేవారు గుంటంటే ఎవరో. అలా రాస్తే కోర్టులో నిలవదట. నవ్వుతారట.

చదవడం అయిపోయాక బావ నా వైపు వంగాడు.

"ఏటన్నారు బావ?"

నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను.

"పల్లం గుంటడికి. గరువు గుంటకే రాసేరు."

"అదీ మాట," అన్నాడు. సంతకం నేర్చుకున్నవాడు. వంకరగా, ఒక్కో అక్షరం వేసుకుంటూ సంతకం పెట్టాడు. సాక్షిగా కింద నేను పెట్టాను. రెండో సాక్షి జిరాక్సు షాపాయన. ఆయన ఇప్పుడు లేడు.

తిరిగి వస్తూ స్టేషను బయట బావ బెల్లం జీళ్ళు కొన్నాడు. గుంటకి ఇష్టమని. సంచీలో పెడితే కరిగిపోతాయని ఆ పొట్లం నా చేతికి ఇచ్చాడు. చీపురుపల్లి దాకా నా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఇంటికి వెళ్ళాక పోలమ్మ ఎదురొచ్చి నా చేతిలోంచి తీసుకుంది. 'నువ్వే కొన్నావేటి మావ?' అని మురిసిపోయింది. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ రోజు నాకు అదే పని.

హుద్‌హుద్ గాలివానకి ఆ ఇంటి పెంకులు లేచిపోయాయి. తరవాతి ఏడు బావ పోయాడు. పోయేదాకా ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి రెండు మూడేళ్ళు ఉన్నాయి. వీలునామా మార్చుకోవడం పెద్ద పని కాదు. ఆ సంగతి చట్టాల పుస్తకంలో చదివి నాకే బాగా తెలుసు. పండగకీ పబ్బానికీ కలిసినప్పుడు, 'గుంటకి రాసి మంచి పని సేసేం బావ' అనేవాడు. సేసేం అనేవాడు. నన్ను కూడా కలుపుకుని.

దినాలయ్యాక ప్లీడరమ్మ గదిలో వీలునామా చదివారు. రాము, సత్యవతి, నేను. పోలమ్మని పిలవలేదు, కాగితంలో పేరు లేని మనిషిని ఎవరు పిలుస్తారు? గరువు తనకని వినగానే సత్యవతి నా వైపు చూసింది. 'పెళ్ళికే ఇచ్చేసేనన్నాడు కదా మావ, మల్లీ నాకేటి?' అంది. నీ తల్లి పసుపు కుంకుమే అది, నీకే రావాలి అన్నాను. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అయ్యకి తనంటే ఇష్టం లేదని ఇన్నాళ్ళూ అనుకుందట. సత్యవతి దురాశ మనిషి కాదు. నీకే రావాలన్న ఆ మాట తరవాత నేను లాక్కుని ఉంటే గరువొక్కటే పోయేది కాదు, ఆ ఏడుపు కూడా పోయేది. ఇది సాకు అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను చాలాసార్లు.

నాలుగు రోజులు పోయాక మధ్యాహ్నం పూట పోలమ్మ మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. గోగు కట్టలు నీళ్ళలో కుళ్ళబెట్టి నార తీసే రోజులు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నా ఆ వాసన పోదు. మెట్టు మీద కూచోలేదు. స్తంభం పక్కన నిలబడింది.

"మావ, రాము గరువులోకి రావద్దంటన్నాడు."

"ఊఁ."

"అయ్య నా సేతిలో సెయ్యేసి సెప్పేడు, గరువు నీదే గుంటా అని. నువ్వు కూడా ఎల్లేవు కదా ఆ రోజు. కాయితం నువ్వు సదివేవు. ఏటని ఉన్నాది?"

"కుమార్తెకి అని ఉంది."

నేను కాగితం తెలుగులోనే చెప్పాను. ఎందుకు అలా చెప్పానో ఆ క్షణంలో నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు. మా మాటలో చెబితే నా నోరే నన్ను పట్టించేది.

"కుమార్తంటే ఏటి మావ?"

"కూతురు."

ఆ మనిషి మొహం మారింది. ఇంత వయసొచ్చిన మనిషి మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోవడం నేను ఆ రోజే చూశాను.

"నన్ను కూతురనే రాయించేడా అయ్య?" అంది. "పనిమనిసని రాస్తారేమో అనుకున్నాను. కూతురనే రాయించేడా?"

చెప్పండి. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? నేను పేపరు మడత పెట్టాను. విప్పాను. మళ్ళీ మడత పెట్టాను.

"సత్యవతి అని పేరుంది," అన్నాను.

ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండును, తిరిగి నేనూ ఏదో అనేవాణ్ణి. స్తంభం మీద చెయ్యి తీసింది. "అలగేటి," అంది. "సరే మావ." వెళ్ళిపోయింది. స్తంభానికి గోగు వాసన సాయంత్రం దాకా ఉంది.

ఆ తరవాత ప్లీడరమ్మ నుంచి ఫోను వచ్చింది. పోలమ్మ ఎవరినో పట్టుకుని విజయనగరం దాకా వెళ్ళిందట. ఆ రోజు ఆయన చెప్పిన గుంట ఎవరో నాకు ఇప్పుడు అనుమానంగా ఉంది, మీరు సాక్షి కాబట్టి నిజం చెబితే దిద్దించడానికి దారి ఉందేమో చూస్తాను అంది ప్లీడరమ్మ. గొంతులో దబాయింపు లేదు. నేనే దబాయించాను. మా మాట రానివాళ్ళు మా వీలునామాలు ఎందుకు రాస్తారని అడిగాను. మా ఊళ్ళకి వచ్చి, మా ఫీజులు తీసుకుని, మా మాట నేర్చుకోవడానికి మాత్రం నామోషీనా అన్నాను. బెజవాడ ఆఫీసులో మింగిన కోపమంతా ఆవిడ మీద కక్కాను. ఆవిడ అంతా విని, "తప్పు నాదేనండి, ఇంకొకర్ని అడగాల్సింది," అంది. ఫోను పెట్టేశాను.

ఆవిడ ఒక్క మాటలో ఒప్పేసుకుంది. నాకు ఏడేళ్ళు పట్టింది.

సత్యవతి ఏడాదిలోపే గరువు అమ్మేసింది. మొగుడి హోటలు మీద అప్పులున్నాయి. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్ళు పాతారు, పైన పసుపు రంగు పూశారు. పోలమ్మ ఎచ్చెర్ల వైపు వెళ్ళిపోయింది. యూనివర్సిటీ దగ్గర ఎవరిదో ప్రైవేటు హాస్టలు, దాని వంటశాలలో కూరలు తరుగుతోందని విన్నాను. ఒకసారి శ్రీకాకుళం వెళ్ళే బస్సులోంచి ఆ హాస్టలు బోర్డు చూశాను. దిగలేదు.

ఇంతవరకూ చెప్పినదంతా మీకు ఒక అన్నగారి కోపంలా కనబడి ఉంటుంది. పద్ధతి కోసం, పుట్టింటి భూమి కోసం నిలబడిన మనిషిలా. నాకూ చాలాకాలం అలాగే కనబడింది. ఇంకొకటి ఉంది. అది రాయకపోతే ఇదంతా రాసి దండగ.

మంగమ్మ పోయే ముందు విజయనగరంలో ఆస్పత్రిలో ఉంది. కబురు తెలిసి నేను చేస్తున్న పని అక్కడే వదిలేసి వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. మధ్యాహ్నం వేళ కళ్ళు తెరిచింది. నేను మంచం మీదికి వంగాను. నన్ను దాటి తలుపు వైపు చూసింది.

"గుంట కూడు తిన్నాదా?" అంది.

మళ్ళీ మాట్లాడలేదు. ఆ తరవాత ఎప్పుడు గుంట అన్న మాట విన్నా నాకు ఆ మంచమే కనబడేది. నేను కనబడని ఆ చూపే కనబడేది. ప్లీడరు గదిలో ఆవిడ పెన్సిలు ఆపి అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది సత్యవతి కాదు. మా అయ్య కాదు, పసుపు కుంకుమలు కాదు. అవన్నీ తరవాత వెతుక్కున్నవి. గట్టి కారణాలే, కాదనను. అయినా వెతుక్కున్నవే.

నా చెల్లి ఆఖరిసారి అడిగిన మనిషి నోటి దగ్గరి కూడు నేను తీశాను. చెల్లి కోసం తీశానని చెప్పుకున్నాను.

ఇప్పుడు ఒప్పుకున్నందువల్ల పోలమ్మకి వచ్చేది ఏమీ లేదు. గరువు రాదు. పేరు లేకుండా రాసే మాట సాక్ష్యం కాదు, ఆ చట్టం కూడా నాకు తెలుసు. పేరు పెట్టి కోర్టుకు వెళ్ళవచ్చు కదా అంటారు. వెళ్ళను. సత్యవతి మొహం చూడలేక అనుకోండి, ఈ వయసులో బోనెక్కలేక అనుకోండి, పిరికితనం అనుకోండి. మీరేమన్నా తిరిగి అనను. ఆ గరువు తల్లి నుంచి కూతురికి రావలసిందని మాత్రం ఇప్పటికీ అంటాను. అదే మాట రైల్లో బావ మొహం మీద అని, పోట్లాడి, ఓడిపోయి రావలసింది. ఓడిపోతానని తెలిసి నోరు మూసుకున్నాను. గెలవడానికి వీలున్న చోట నోరు తెరిచాను. నా తప్పు అదీ.

పోలమ్మకి చదువు రాదు. ఇది అచ్చయినా తన కంట పడదు. ఆ హాస్టలు పిల్లలెవరైనా చదివి వినిపిస్తే వినిపిస్తారు. మా మాటలోనే వినిపించమనండి.

ప్లీడరమ్మ గారూ, ఆ రోజు మీరు పెన్సిలు ఆపి నన్ను ఒక ప్రశ్న అడిగారు. గుంటంటే కూతురు, అంతేనా అని. ఇన్నాళ్ళకి జవాబు చెబుతున్నాను, చెబుతుంటే గుండె కొంచెం తేలికగానే ఉంది, దాన్ని దాచను.

కాదమ్మా. మా బావ సెప్పిన గుంట పోలమ్మ.